అందరికీ అందే డిజిటల్ ఆఫీసు: స్థానిక, ప్రాంతీయ ప్రభుత్వాల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

స్థానిక ప్రభుత్వాల సిబ్బందితో, ఎన్నికైన సభ్యులతో ఎప్పుడు కూర్చున్నా అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. ఒకచోట చెప్పిందే ఇంకోచోట చెప్పాల్సి వస్తోంది కాబట్టి, వాళ్లు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు రాసి జవాబులు ఇక్కడ పెడుతున్నాను. పని ఏ దశలో ఉందో చూసుకుని మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు.

## మొదలుపెట్టే ముందు

మాకు వెబ్‌సైట్ ఉంది, యాప్ కూడా ఉంది. ఇంకా డిజిటల్ మార్పు అంటే ఏం చేయాలి?

కాగితం మీదున్న ఫారాన్ని పీడీఎఫ్ చేసి వెబ్‌సైట్‌లో పెడితే పని మారినట్టు కాదు. దాన్ని డౌన్‌లోడ్ చేసుకుని, ప్రింట్ తీయించి, నింపి, సంతకం పెట్టి మళ్లీ ఆఫీసుకే తెచ్చివ్వాలంటే, ఆ మనిషికి ప్రింట్ ఖర్చు పెరిగింది తప్ప తిరుగుడు తగ్గలేదు. ఒక సేవ కోసం మనిషి ఎన్నిసార్లు రావాలి, ఎన్ని కాగితాలు తేవాలి, ఎన్ని రోజులు ఆగాలి? ఈ మూడింటిలో కనీసం ఒకటైనా తగ్గితేనే మార్పు వచ్చినట్టు. అది కూడా అందరికీ తగ్గాలి. ఫోన్ బాగా వాడగలిగినవాళ్లకే తగ్గిందనుకోండి, ఆన్‌లైన్ దరఖాస్తులు చూడటానికి కౌంటర్‌లోని మనిషిని లోపలికి పిలుస్తారు, బయట మిగిలినవాళ్ల క్యూ ఇంకా పొడవవుతుంది.

ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి కదా. ఇంకా వెనకబడేది ఎవరు?

అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ లెక్క ప్రకారం 2024లో ప్రపంచంలో దాదాపు 260 కోట్ల మంది ఇంటర్నెట్ వాడటం లేదు. పట్టణాల్లో 83 శాతం మంది వాడుతుంటే, గ్రామాల్లో వాడేది 48 శాతమే. మగవాళ్లకంటే ఆడవాళ్లు తక్కువగా వాడుతున్నారు. చదవడం, రాయడం రాని పెద్దవాళ్లు 70 కోట్లకు పైగా ఉన్నారని యునెస్కో, చెప్పుకోదగ్గ వైకల్యం ఉన్నవాళ్లు 130 కోట్ల మంది, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నాయి.

ఈ లెక్కల్లో కనిపించనివాళ్లు ఇంకా ఉన్నారు. ఇంట్లో అందరికీ కలిపి ఒకే ఫోన్ ఉన్నవాళ్లు, నెలాఖరుకు డేటా అయిపోయేవాళ్లు, రిజిస్టర్ చేసిన నంబరు వేరే ఊళ్లో పనిచేస్తున్న కొడుకు దగ్గర ఉండిపోయినవాళ్లు. ఫోన్ ఉండటం వేరు, ఆ ఫోన్‌లో మన ఫారం నింపగలగడం వేరు.

ఇది పై ప్రభుత్వం చూసుకోవాల్సిన పని కదా, మా మీద ఎందుకు పడుతోంది?

కొన్ని పనులు నిజంగానే పై స్థాయివి. గుర్తింపు వ్యవస్థ, చెల్లింపులు, ఒక శాఖ డేటా ఇంకో శాఖకు భద్రంగా వెళ్లే దారి లాంటివి ప్రతి ఊరూ విడివిడిగా కట్టుకోవడం వృథా. ఎస్టోనియా 2001లో ఎక్స్‌రోడ్ అనే డేటా మార్పిడి వ్యవస్థను దేశమంతటికీ ఒకటే కట్టింది. అక్కడి చిన్న మున్సిపాలిటీలు దానికే కనెక్ట్ అవుతాయి.

ప్రాంతీయ ప్రభుత్వం మధ్యలో ఉండి చేయగలిగినవి చాలానే ఉన్నాయి. ఉమ్మడి సాఫ్ట్‌వేర్, ఉమ్మడి టెండరు, చుట్టుతిరిగే శిక్షణ బృందం, అన్ని ఊళ్లకూ కలిపి ఒక హెల్ప్‌లైన్. ఇక స్థానిక ప్రభుత్వానికి మిగిలేది అసలైన పని. ఎవరు ఏ భాష మాట్లాడతారు, ఎవరి ఇంటికి నెట్‌వర్క్ రాదు, ఎవరు నడవలేరు అన్నది తెలిసేది మీకే. ఆ సమాచారం పైనున్న ఏ సర్వర్‌లోనూ ఉండదు.

మాది చిన్న ఆఫీసు, ఐటీ మనిషే లేడు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒక నోట్‌బుక్ తీసుకుని వారం రోజులు కౌంటర్ పక్కన కూర్చోండి. వచ్చిన ప్రతి మనిషీ ఏ పని మీద వచ్చారు, ఇది ఎన్నోసారి రావడం, ఎందుకు తిప్పి పంపారు అన్న మూడు విషయాలు రాయండి. వారాంతానికి ఏ సేవ ఎక్కువమందిని తిప్పుతోందో మీకే తెలుస్తుంది. దాన్నే ముందు పట్టుకోండి. ఎక్కువమందికి కావాల్సింది, మెట్లు తక్కువగా ఉన్నది, వివాదాలు లేనిది అయితే మంచిది. పుట్టిన తేదీ ధ్రువపత్రం, పన్ను చెల్లింపు, వీధి దీపం ఫిర్యాదు లాంటివి బాగుంటాయి. హద్దుల తగాదాల లాంటివి మొదటి ప్రయత్నానికి వద్దు.

ఒకేసారి పదిహేను సేవలు ప్రారంభించి ఫొటోలు దిగడం కంటే ఒక్క సేవను చివరిదాకా తీసుకెళ్లడమే మేలని నా గట్టి అభిప్రాయం. ఆ ఒక్కదాంతో సిబ్బందికి ధైర్యం వస్తుంది.

## డిజైన్ చేసేటప్పుడు

ప్రజలను అడగమంటారు. ఎవరిని అడగాలి, ఎలా అడగాలి?

ఆన్‌లైన్ సర్వే పెడితే ఆన్‌లైన్‌లో ఉన్నవాళ్లే జవాబిస్తారు. మీకు కావాల్సినవాళ్లు అందులో ఉండరు. ఐదారుగురిని ఎంచుకుని, వాళ్ల సొంత ఫోన్‌లోనే ఫారం తెరిపించి, పక్కన మౌనంగా కూర్చోండి. సాయం చేయాలని చేయి ముందుకు వస్తుంది, ఆపుకోండి.

ఒక ఆఫీసులో అలా కూర్చున్నప్పుడు చూసింది ఇప్పటికీ నా కళ్లముందు ఉంది. అరవై దాటిన ఒక తాపీ మేస్త్రీ ఇరవై నిమిషాలు పట్టి ఫారం మొత్తం నింపాడు. చివర్లో ఓటీపీ వచ్చింది. మెసేజ్ చూడటానికి ఆ పేజీ వదిలి వెళ్లి, అంకెలు పెదవుల మీద పలుకుతూ వెనక్కి వచ్చాడు. ఫోన్ పాతది, మెమరీ తక్కువ. పేజీ మళ్లీ లోడ్ అయి నింపిందంతా పోయింది. ఆయన ఏమీ అనలేదు, ఫోన్ చొక్కా జేబులో పెట్టుకుని లేచాడు. డ్యాష్‌బోర్డులో అది 'అసంపూర్ణ దరఖాస్తు' అని ఒక అంకెగా నమోదైంది. నింపింది నింపినట్టు సేవ్ అయ్యే ఏర్పాటు చేయడం డెవలపర్‌కు కొద్ది రోజుల పని.

పరీక్షకు వచ్చినవాళ్లకు ఆ పూట కూలి పోతుంది కాబట్టి దానికి డబ్బు ఇవ్వండి. ఆఫీసు బయట కూర్చుని ఇతరుల ఫారాలు నింపిపెట్టేవాళ్లను కూడా పిలవండి. మీ ఫారంలో ఏ గడి దగ్గర జనం ఆగిపోతారో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

బడ్జెట్, ప్రణాళికల మీద అభిప్రాయ సేకరణ పూర్తిగా ఆన్‌లైన్‌లో పెట్టేయొచ్చా?

పెట్టకండి. ప్రజలతో కలిసి బడ్జెట్ వేసే పద్ధతికి పేరుతెచ్చిన బ్రెజిల్ నగరం పోర్టో అలెగ్రె 1989లో మొదలుపెట్టింది పేటల్లో ముఖాముఖి సభలతోనే. స్పెయిన్‌లోని బార్సిలోనా 2016లో డెసిడిమ్ అనే, ఎవరైనా వాడుకుని మార్చుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వేదికను తెచ్చినప్పుడు కూడా సభలను మానలేదు. సభల్లో వచ్చిన ప్రతిపాదనలను కూడా అదే వేదికలో నమోదు చేసి, తర్వాత ఏమయ్యాయో అందరికీ కనిపించేలా చేసింది. సభకు రాలేనివాళ్లకు ఆన్‌లైన్, ఆన్‌లైన్‌కు రాలేనివాళ్లకు సభ, రెండింటి లెక్కా ఒకేచోట.

వైకల్యం ఉన్నవాళ్ల కోసం విడిగా ఒక పేజీ పెడితే సరిపోతుందా?

సరిపోదు. విడిగా పెట్టిన పేజీని ఆరు నెలల తర్వాత ఎవరూ అప్‌డేట్ చేయరు. అసలు పేజీలో కొత్త పథకం వస్తుంది, ఈ పేజీలో పాతదే ఉంటుంది. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వైకల్య హక్కుల ఒడంబడిక, తొమ్మిదో అధికరణంలో సమాచార, సాంకేతిక వ్యవస్థలు ఇతరులతో సమానంగా అందాలని చెబుతుంది. సమానంగా అంటే అదే పేజీ, అదే సేవ, అదే రోజు.

ఎలా చేయాలన్నదానికి డబ్ల్యూసీఏజీ అనే అంతర్జాతీయ వెబ్ ప్రమాణాలు ఉన్నాయి. 2.2 వెర్షన్ 2023 అక్టోబరులో వచ్చింది. అందులోని మూడు స్థాయిల్లో మధ్యదైన డబుల్ ఏ పెట్టుకోండి. మామూలు అక్షరాలకు, వెనకున్న రంగుకు మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలి. మామూలుగా బటన్లు 24 పిక్సెళ్లకు తగ్గకూడదు. ఒకే దరఖాస్తులో ఒకసారి ఇచ్చిన సమాచారాన్ని మళ్లీ టైప్ చేయమని అడగకూడదు.

నిపుణుడు వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఈరోజే చూసుకోవచ్చు. మౌస్ తీసేసి కీబోర్డుతోనే దరఖాస్తు పూర్తి చేయండి. పేజీని రెండింతలు పెద్దది చేసి చూడండి. ఫోన్‌లో తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్ లేదా వాయిస్‌ఓవర్ ఆన్ చేసి కళ్లు మూసుకుని వినండి. 'బటన్, బటన్, బటన్' అని మాత్రమే వినిపిస్తే, చూపు లేని మనిషికి మీ పేజీలో ఒకే మాట రాసి ఉన్న మూడు తలుపులు ఎదురైనట్టు. ప్రతి బటన్‌కూ పేరు పెట్టించండి. పేజీ మూలన ఒక చిన్న మనిషి బొమ్మ పెట్టి 'అన్నీ సరిచేసేస్తుంది' అని అమ్మే టూల్స్‌తో ఈ లోపాలు పోవు.

ఆఫీసు భాష మారిస్తే చట్టపరంగా చిక్కులు రావా?

ఉత్తర్వు భాష ఉత్తర్వులోనే ఉండనివ్వండి. మారాల్సింది మనిషికి దారి చూపే భాష. 'దరఖాస్తుదారు నివాస ధ్రువీకరణ నిమిత్తం సంబంధిత పత్రమును జతపరచవలయును' అని ఒక ఫారంలో ఉంది. 'మీ చిరునామా ఉన్న ఒక కాగితం ఫొటో తీసి ఇక్కడ పెట్టండి' అంటే చట్టం ఏమీ మారలేదు, మనిషికి పని అర్థమైంది. ఏ కాగితాలు పనికొస్తాయో దాని కిందే రాయండి, 'మొదలైనవి' అని వదిలేయకండి.

మీ పరిధిలో మాట్లాడే చిన్న భాషలను మర్చిపోవద్దు. మెషీన్ అనువాదం వాడితే ఆ భాష ఇంట్లో మాట్లాడే మనిషి చదివాకే పేజీలో పెట్టాలి. లిపి లేని భాష మాట్లాడేవాళ్లకు, చదవడం రానివాళ్లకు రికార్డు చేసిన గొంతు మేలు. ఇంకో సంగతి: పేరు గడిలో ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే తీసుకుంటే ఒకే మనిషికి నాలుగు స్పెల్లింగులు తయారవుతాయి, తర్వాత అవన్నీ ఒకరివేనని రుజువు చేసుకోలేక ఆ మనిషి తిరుగుతూ ఉండాలి.

ఓటీపీ లేకుండా భద్రత ఎలా? వేరేవాళ్ల తరఫున దరఖాస్తు పెట్టనివ్వాలా?

ముందు ఆ సేవకు లాగిన్ అవసరమో కాదో చూడండి. రోడ్డు మీద గుంత ఉందని చెప్పడానికి ఎవరి గుర్తింపూ అక్కర్లేదు. డబ్బు వచ్చే పథకానికి, భూమి రికార్డుకు గట్టి రుజువు కావాలి. ప్రమాదాన్ని బట్టి తాళం వేయండి. ఓటీపీ తప్పనిసరైతే మెసేజ్‌తో పాటు ఫోన్ కాల్‌లో వినిపించే దారి, గడువు పెంచుకునే అవకాశం, ఆఫీసుకు వచ్చి గుర్తింపు చూపించే దారి ఉంచండి. వేలిముద్ర ఒక్కటే నమ్ముకుంటే, ఏళ్ల తరబడి చేతిపని చేసి గీతలు అరిగిపోయినవాళ్లు బయటే ఉండిపోతారు.

తరఫున చేయడం ఎలాగూ జరుగుతుంది. కూతురు తల్లి కోసం చేస్తుంది, పక్కింటివాళ్లు చేస్తారు. మీరు దారి పెట్టకపోతే పాస్‌వర్డులు చేతులు మారతాయి, ఎవరు ఏం చేశారో రికార్డు కూడా ఉండదు. 'నేను ఫలానావారి తరఫున చేస్తున్నాను' అని చెప్పే పద్ధతి, అసలు మనిషి అనుమతి, ఎప్పుడంటే అప్పుడు దాన్ని రద్దు చేసుకునే హక్కు, ఈ మూడూ మొదటి డిజైన్‌లోనే ఉండాలి.

## కొనేటప్పుడు

వెండార్ 'అన్నీ మేమే చూసుకుంటాం' అంటున్నాడు. టెండర్‌లో ఏం రాయాలి?

డేటా మీదేనని, కాంట్రాక్టు ముగిశాక ఇంకొకరు చదవగలిగే రూపంలో మొత్తం తిరిగి ఇవ్వాలని రాయండి. అలా ఇవ్వగలడో లేదో మధ్యలో ఒకసారి ఇప్పించుకుని చూస్తామని కూడా రాయండి. మీ ప్రాంతంలో జనం వాడే పాత ఫోన్లలో, నెమ్మది నెట్‌వర్క్‌లో నడిచి చూపించాలి. డబ్ల్యూసీఏజీ 2.2 డబుల్ ఏ అని రాసి ఊరుకోవద్దు. వైకల్యం ఉన్నవాళ్లు స్వయంగా పరీక్షించి సరే అన్నాకే చివరి వాయిదా డబ్బు అని పెట్టండి. పేజీలో ఒక పదం మార్చాలన్నా వెండార్‌కు బిల్లు కట్టాల్సిన పరిస్థితి తెచ్చుకోకండి. ఆ పని మీ సిబ్బందే చేసుకోగలగాలి.

ఓపెన్ సోర్స్ తీసుకుంటే ఉచితమే కదా?

ఓపెన్ సోర్స్ అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండే సాఫ్ట్‌వేర్, దాని లైసెన్స్‌కు డబ్బు ఉండదు. పెట్టించడానికి, సొంత అవసరాలకు మార్చుకోవడానికి, నడపడానికి మనుషులు కావాలి. జర్మనీలోని మ్యూనిక్ నగరం తన కంప్యూటర్లను విండోస్ నుంచి లైనక్స్ అనే ఓపెన్ సోర్స్ వ్యవస్థకు మార్చే పెద్ద పనిని ఏళ్ల తరబడి చేసి, 2017లో మళ్లీ విండోస్‌కే వెళ్లాలని నిర్ణయించింది. అలాంటి పనికి సాంకేతికత ఒక్కటే చాలదు, రాజకీయ మద్దతు కూడా కొనసాగాలి. అయినా నేను ఓపెన్ సోర్స్ వైపే మొగ్గుతాను. ఒక ఊరు చేయించుకున్న మార్పు పక్క ఊరికి మళ్లీ డబ్బు కట్టకుండా అందుతుంది. చిన్న ఆఫీసులు నాలుగైదు కలిసి ఒక సాంకేతిక మనిషిని పెట్టుకుంటే ఇది నిలబడుతుంది.

డబ్బు ఎక్కడ పెట్టాలి?

తయారీకే మొత్తం అయిపోగొట్టవద్దు. నడపడం, మరమ్మతు, శిక్షణ, కౌంటర్‌లో సాయం చేసే మనిషి జీతం ప్రతి ఏడాదీ బడ్జెట్‌లో ఉండాలి. ప్రారంభోత్సవానికి నిధులు దొరుకుతాయి, మూడో ఏడాది సర్వర్ బిల్లుకు దొరకవు.

## అమలు చేసేటప్పుడు

సిబ్బంది సహకరించడం లేదు. ఉద్యోగాలు పోతాయని టెన్షన్ పడుతున్నారు. ఏం చేయాలి?

వాళ్ల భయాన్ని మొండితనం అనుకోకండి. ఇరవై ఏళ్లు రిజిస్టర్ రాసిన మనిషిని అందరి ముందు కంప్యూటర్ దగ్గర తడబడేలా కూర్చోబెడితే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. ఎవరి ఉద్యోగం పోదని చెప్పగలిగితే కాగితం మీద చెప్పండి. చెప్పలేకపోతే దాచకండి. రెండు రోజుల క్లాసులో స్లైడ్లు చూపించడం కంటే, వాళ్ల సొంత ఫైలును వాళ్ల చేత్తోనే సిస్టంలో పూర్తి చేయించడం పనికొస్తుంది.

కాగితం రిజిస్టర్, కంప్యూటర్ రెండూ నెలల తరబడి నింపించే ఆఫీసులు చూశాను. సిబ్బందికి విసుగు పుట్టేది అక్కడే. పాత పద్ధతి ఏ తేదీన ఆగుతుందో ముందే ప్రకటించండి.

పాత రికార్డులు తప్పులతో ఉన్నాయి. అలాగే ఎక్కించేయాలా?

ఎక్కించవచ్చు గానీ, సరిచూడలేదని ప్రతి రికార్డు మీదా గుర్తు ఉండాలి. కాగితం మీద తప్పు ఉంటే గుమాస్తాకు తెలుసు కాబట్టి సర్దుకునేవాడు. కంప్యూటర్‌లో అదే తప్పు 'అర్హత లేదు' అన్న జవాబుగా బయటికి వస్తుంది. సవరణకు రుసుం పెట్టవద్దు, తప్పు ఆఫీసుదైనప్పుడు రుజువు భారం మనిషి మీద వేయవద్దు. పేరు, తేదీ లాంటి చిన్న సవరణలు కౌంటర్‌లోనే అయిపోవాలి.

ఏఐ చాట్‌బాట్ పెట్టమని ఒత్తిడి ఉంది. పెట్టాలా?

ముందు మీ వెబ్‌సైట్‌లోని సమాచారం సరిగ్గా ఉందా? అక్కడే తప్పుంటే చాట్‌బాట్ అదే తప్పును నమ్మకంగా చెబుతుంది. న్యూయార్క్ నగరం 2023లో వ్యాపారుల కోసం పెట్టిన చాట్‌బాట్, చట్టానికి విరుద్ధమైన సలహాలు ఇస్తోందని 2024లో పత్రికలు బయటపెట్టాయి.

ఎవరికి సాయం అందాలి, ఎవరిని అనుమానించాలి అని తేల్చే సాఫ్ట్‌వేర్‌తో ఇంకా జాగ్రత్త. సంక్షేమ మోసాలు పట్టుకోవడానికి నెదర్లాండ్స్‌లో వాడిన సిరి (SyRI, ఫోన్‌లోని సిరి కాదు) అనే వ్యవస్థను 2020 ఫిబ్రవరిలో హేగ్ కోర్టు ఆపేసింది. అది వ్యక్తిగత జీవిత హక్కుకు భంగమని తేల్చింది. దాన్ని వాడింది ముఖ్యంగా పేదలు, వలస వచ్చినవాళ్లు ఎక్కువగా ఉన్న పేటల మీద. అదే ఏడాది ఆమ్‌స్టర్‌డామ్, హెల్సింకి నగరాలు తాము వాడే అల్గోరిథంల (ఇలా నిర్ణయాలకు వాడే కంప్యూటర్ సూత్రాల) జాబితాను ప్రజలకు తెరిచి పెట్టాయి. ఏది ఎందుకు వాడుతున్నారో, ఏ డేటా తీసుకుంటున్నారో, ఎవరు బాధ్యులో అందులో ఉంటుంది. మీరు ఒక్క అల్గోరిథం వాడినా అలాంటి జాబితా పెట్టండి. 'కాదు' అన్న నిర్ణయం ఏదైనా ఒక మనిషి సంతకంతో, కారణంతో వెళ్లాలి.

చిన్న ఊరి ఆఫీసును హ్యాకర్లు ఎందుకు పట్టించుకుంటారు?

వాళ్లు ఊరి పేరు చూసి రారు. తాళం వేయని తలుపుల కోసం మెషీన్లతో వెతుకుతారు. పెద్ద నగరాలే తట్టుకోలేకపోయాయి. అమెరికాలో 2018 మార్చిలో అట్లాంటా, 2019 మేలో బాల్టిమోర్ రాన్సమ్‌వేర్ దాడులకు, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే దాడులకు, దెబ్బతిన్నాయి. బాల్టిమోర్‌లో కొంతకాలం ఇళ్ల అమ్మకాల లావాదేవీలు ఆగాయి, నీటి బిల్లులు వెళ్లలేదు.

నాలుగు పనులతో చాలావరకు తట్టుకోవచ్చు. అప్‌డేట్లు వాయిదా వేయకండి. సిబ్బంది లాగిన్‌లకు రెండంచెల రక్షణ, అంటే పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో రుజువు కూడా అడిగేలా పెట్టండి. బ్యాకప్ ఒకటి నెట్‌వర్క్‌కు సంబంధం లేకుండా విడిగా ఉంచి, దాన్నుంచి నిజంగా తిరిగి తెచ్చి చూడండి. ఏడాదికోసారి సిస్టం పనిచేయడం లేదనుకుని ఒక పూట కాగితం మీద ఆఫీసు నడపండి.

## నడవడం మొదలయ్యాక

ఇది సక్సెస్ అయ్యిందని ఎలా తెలుస్తుంది?

డౌన్‌లోడ్లు, నమోదైన యూజర్ల అంకెలు పక్కన పెట్టండి. మొదలుపెట్టిన వందమందిలో ఎంతమంది చివరిదాకా వెళ్లారు, ఏ పేజీలో ఆగారు అన్నది చూడండి. ఆగినవాళ్లలో కొందరికి ఫోన్ చేసి అడగండి. సగటు ఒక్కటే చూడకండి. సగటున మూడు రోజుల్లో పని అవుతోందంటే, కొందరికి గంటలో అయి కొందరికి నెల పట్టి ఉండొచ్చు. ఆ నెల పట్టినవాళ్లు ఎవరు, ఏ పేటవాళ్లు, ఏ భాషవాళ్లు అని విడదీసి చూడాలి. అసలు దరఖాస్తే పెట్టనివాళ్లను కూడా వెతకాలి. అర్హులు ఇంతమంది, వచ్చినవాళ్లు ఇంతమంది అని పేటల వారీగా పక్కపక్కన పెడితే ఖాళీ కనిపిస్తుంది.

పాలకవర్గం మారితే అంతా ఆగిపోతుంది. ఎలా నిలబెట్టాలి?

ప్రాజెక్టుకు నాయకుడి పేరు, బొమ్మ పెట్టకండి. నిర్ణయాలు తీర్మానంగా, ఖర్చు బడ్జెట్ పద్దుగా, పని ఒక పోస్టు బాధ్యతగా రాసిపెట్టండి. సేవ ఎన్ని రోజుల్లో అందుతోందో ప్రతి నెలా ఆఫీసు గోడ మీద కూడా పెడితే, కొత్తగా వచ్చినవాళ్లు దాన్ని ఆపడానికి ముందు ప్రజలకు కారణం చెప్పాల్సి వస్తుంది.

ఆన్‌లైన్ బాగా నడుస్తోంది. ఇక కౌంటర్ మూసేయొచ్చా?

డెన్మార్క్ అంత దూరం వెళ్లిన దేశం కూడా, 2014లో ప్రభుత్వ ఉత్తరాలన్నీ డిజిటల్ పెట్టెకే అని తప్పనిసరి చేసినప్పుడు, వాడలేనివాళ్లకు మినహాయింపు కోరే దారి ఉంచింది. వాళ్లకు ఉత్తరం కాగితం మీదే వస్తుంది.

కౌంటర్ రూపం మార్చుకోవచ్చు. క్యూ తగ్గింది కాబట్టి ఐదు కిటికీల్లో మూడు తీసేసి, మిగిలిన రెండు చోట్ల కిటికీ బదులు టేబుల్, ఇటు అటు కుర్చీలు వేయండి. స్క్రీన్ ఇద్దరికీ కనిపించేలా తిప్పి పెట్టండి. అక్కడ కూర్చున్న ఉద్యోగి, వచ్చిన మనిషి చెబుతుంటే వాళ్ల కళ్లముందే అదే ఆన్‌లైన్ ఫారం నింపాలి, నంబరు ఉన్న రసీదు చేతిలో పెట్టాలి. కదలలేనివాళ్ల ఇంటికి వారంలో ఒకరోజు ట్యాబ్ పట్టుకుని వెళ్లాలి. ఆ రోజు ఏదో, ఏ పేటకు ఎప్పుడు వస్తారో ముందే చెప్పి, చెప్పిన రోజున తప్పకుండా వెళ్లాలి.